పెరట్లో కచ్చాకుట్టు

దర్జీలు రెండు రకాలు. పొరపాటు జరిగితే ఒప్పేసుకునేవాళ్లు ఒక రకం; వాళ్లు ఆ వృత్తిలో ఎక్కువకాలం నిలవరు. కొలతలు తీసుకున్న తర్వాత మనుషులే మారిపోతుంటారని నమ్మేవాళ్లు రెండో రకం. ఈ దర్జీ రెండో కోవకు చెందినవాడు, అందులోనూ పెద్దపీట వేయదగ్గవాడు. చొక్కా బిగుతైతే తొడుక్కున్నాయన ఒళ్లు చేశాడు, వదులైతే చిక్కిపోయాడు, బిగుతూ వదులూ కాకుండా ఇంకేదో తేడా వస్తే ఆయన నిలబడే తీరులోనే లోపముంది. ఏళ్ల తరబడి వీధి జనమంతా ఈ తీర్పులకు తలొగ్గి, బట్టల జోలికి పోకుండా తమ ఒళ్లనే సరిచేసుకుంటూ వచ్చారు.

ఆయనకు ఇంకో గుణం కూడా ఉంది. కత్తెర కింద పడిన ముక్కను పారేయడు. పెద్ద ముక్కలు జేబులవుతాయి, చిన్నవి గుండీల వెనక అతుకులవుతాయి, మరీ చిన్నవి దిండ్లలోకి పోతాయి. ఈ ఇంట్లో దిండ్లు బండరాళ్లలా ఉన్నాయని భార్య అంటే, మెడకు మంచిదని ఆయన అంటాడు. పొరపాటు ఒప్పుకోకపోవడం, ముక్క పారేయకపోవడం అనే ఈ రెండు సద్గుణాలూ చేతులు కలిపి ఒక పెరటిని దాదాపు సిమెంటు పాలు చేశాయి.

ఇల్లు అత్తగారిది. కింది వాటాలో ముందుగది దర్జీ దుకాణం, వెనక గదుల్లో కాపురం. పై వాటాలో పెద్దల్లుడు, అంటే దర్జీకి తోడల్లుడు. టైల్సూ సిమెంటూ అమ్మే వ్యాపారి. అత్తగారు న్యాయం తప్పని మనిషి కాబట్టి పగలు కింద, సాయంత్రం పైన భోంచేస్తూ, రెండుచోట్లా ఉప్పు తక్కువైందని చెబుతూ, ఇద్దరల్లుళ్లనూ సమానంగా చిన్నబుచ్చేది. ఆమెకు ఒక కంటి చూపు పోయి చాలాకాలమైంది. రెండో కన్ను వెలుగునీ నీడనీ మాత్రం పోల్చుకునేది.

పెరడు ఉమ్మడిది. రోజూ పొద్దున్నే అందులో చెప్పులు లేకుండా నడవడం అత్తగారికి అలవాటు. కళ్లు చేయలేని పని పాదాలు చేసేవి. ఎక్కడ తడి ఉందో, ఎక్కడ ఆకు రాలిందో, ఏ మూల నీళ్ల గోళేన్ని ఎవరు జరిపారో అరికాళ్లతో కనిపెట్టి, వచ్చి కూర్చున్నాక వివరంగా వినిపించేది. ఆ ఇంట్లో దాచిపెట్టగలిగినవి గోడల మీద, అలమరల్లో దాచాలి తప్ప నేల మీద దాచడం ఎవరివల్లా కాదు.

పెద్దల్లుడి దృష్టిలో మట్టి అంటే ఎవరో సిమెంటు వేయడం మరిచిపోయిన చోటు. ఆయన కారు వీధిలో ఎండకు ఎండుతోంది. పెరడంతా చదును చేసి సిమెంటు పోస్తే గోడ నీడన హాయిగా ఉంటుంది. ఈ ఆలోచన ఆయనకు కొత్తది కాదు. దర్జీకి మట్టి తగులుకున్నదే కొత్తగా. రెడీమేడ్ దుకాణాలు వచ్చి పని సగమయ్యాక, మిషను మీద వంగి వంగి వెన్ను కొక్కెంలా తయారయ్యాక, నాలుగు చిక్కుడు పాదులు పెట్టాడు. మొదట్లో అది నడుం సాగడానికే. పోనుపోను ఒక సంగతి తట్టింది: జన్మంతా ఎదుటివాళ్ల కొలతలకు కుట్టిన తనకు, తన కొలతకు తాను కత్తిరించుకున్న చోటు లోకంలో ఇదొక్కటే. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే పెద్దల్లుడు నవ్వుతాడు, భార్య మురిసిపోతుంది. రెండూ ఆయన భరించలేడు.

ఇక మొక్క సంగతి. దాన్ని తెచ్చింది ఆయనే. ఈ విషయంలో భార్య సాక్ష్యం బలమైనది, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పబడినది. గుండీలు కొనుక్కొని వస్తుంటే దారిలో ఒక పాత ఇంటిని పడగొడుతున్నారు. ఇటుకల కుప్ప పక్కన, వెడల్పాటి ఆకుల పొద మధ్య, దోసిట్లో పట్టేంత పూలగుత్తి. తెలుపు, అంచున లేత గులాబి రంగు. ఒక్కో పువ్వూ చిట్టి గులాబీలా రేకు మీద రేకు మడుచుకుని ఉంది. వాసన రోడ్డు దాటి వచ్చి ఆయన్ని పట్టుకుంది. ఇంత మంచి సరుకు చెత్తబండిలో పోవడమా అని ప్రాణం విలవిల్లాడింది. ఒక పిలకను వేరుతో సహా లాగి, సంచిలోని లైనింగు ముక్కలో పసిపాపను చుట్టినట్టు చుట్టి ఇంటికి తెచ్చాడు.

భార్య ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే తీసేసింది. "పువ్వు అత్తరు, ఆకు మురిక్కాలవ. ఇదేం జాతండీ?"

"మంచి జాతి," అన్నాడు దర్జీ. అంతకుమించి ఆయనకూ తెలియదు. బట్టలుతికే బండ పక్కన నాటాడు.

మొదటిసారి పూసినప్పుడు ఇల్లంతా ఘుమఘుమలాడింది. ఇన్నేళ్లలో చిన్నల్లుడు ఈ ఇంటికి తెచ్చినవాటిలో ఇదే బాగుందని అత్తగారు అంది. అత్తగారి నోట మెప్పు వినడం ఎలా ఉంటుందో అంతవరకూ ఎరగని దర్జీ, ఆ ఊపులో మొక్కకు పూటపూటా నీళ్లు పోశాడు. అంత అక్కర్లేదని మొక్క చెప్పలేదు.

మరుసటి ఏడు బండకు అవతల ఒక పిలక లేచింది. ఆయన సంతోషించాడు. తర్వాత చిక్కుడు పాదులో లేచింది, సర్దుకున్నాడు. మెట్ల పగుల్లోంచి, నీళ్లతొట్టి కింద నుంచి, తూము పక్క నుంచి, ఆఖరికి చీపుళ్లు పెట్టుకునే మూల నుంచి కూడా లేవడం మొదలయ్యాక నడుం బిగించాడు.

దర్జీ నడుం బిగిస్తే చేతికొచ్చేది కత్తెర. పెద్ద కత్తెర పుచ్చుకుని పెరటిని ఒక చివర్నుంచి కత్తిరించుకుంటూ వచ్చాడు. అన్నీ నేలకు నాలుగు వేళ్ల ఎత్తున, సుద్దగీత గీసి కోసినంత తిన్నగా. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మొక్కకూ ముచ్చటేసినట్టుంది, ఒక కాడ కోసినచోట రెండు వచ్చాయి. అప్పుడు పార తీసి, నేలలో దొరికిన వేళ్లను దొరికినట్టు ముక్కలు చేశాడు. ఇక్కడే ఆయన రెండో సద్గుణం రంగంలోకి దిగింది. కోసిన కాడలు తిన్నగా, వేలెడు లావున ఉన్నాయి. పారేయడానికి చేతులు రాలేదు. చిక్కుడు తీగలకు ఊతకర్రలుగా వరుసన పాతాడు. నరికిన వేళ్లను ఎరువుగుంటలో వేసి, ఆ ఎరువును కొన్నాళ్లకు పెరటంతా సమానంగా చల్లాడు. ఒక్క ముక్క వృథా కానివ్వలేదు. నిజంగానే ఒక్కటి కూడా వృథా కాలేదని కొద్దిరోజుల్లోనే తేలింది.

పై వాటా వసారాలో పళ్లు తోముకుంటూ పెద్దల్లుడు ఈ సమరాన్ని రోజూ తిలకించేవాడు. నర్సరీ పెడుతున్నావని వీధిలో అనుకుంటున్నారు, నిజమేనా తమ్ముడూ అని ఒకరోజు అడిగేవాడు. ఎడమవైపు కాస్త పలచగా ఉంది, అక్కడ కూడా కత్తిరిస్తే ఒత్తుగా వస్తుందేమో చూడమని ఇంకోరోజు సలహా ఇచ్చేవాడు. దర్జీ తలెత్తేవాడు కాదు. మొక్క మొండిదే. కానీ మొండితనంలో అది నిన్నగాక మొన్న పుట్టింది. ఆయనకు ఆ విద్యలో అనుభవం ఉంది.

ఇంతలో జరగకూడనిది జరిగింది. ఒక పొద్దున అత్తగారు నడుస్తూ నడుస్తూ "అబ్బా" అని నేల మీద కూలబడిపోయింది. కోసిన మోడు అరికాల్లో దిగింది. గాయం పెద్దది కాదు గానీ, మానేదాకా ఆమె మంచం మీద కూర్చుని, పాదం దిండు మీద పెట్టుకుని, ఆ దిండు పాదంకంటే గట్టిగా ఉందని చెబుతూ, పెరట్లోకి వెళ్లకుండా గడిపింది. ఆ మోడు మీది కోత ఎవరిదన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. అంత తిన్నగా ఆ ఇంట్లో ఇంకెవరూ కోయలేరు.

పెద్దల్లుడు అదను చూసి దావా వేశాడు. అత్తగారి మంచం ముందు కుర్చీ వేసుకుని, సిమెంటు నేల ఎంత నున్నగా ఉంటుందో, పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీ పెడితే ఎంత భద్రమో, పెద్దవాళ్లకు మట్టి ఎంత ప్రమాదమో వివరించాడు. అందులో అబద్ధమేమీ లేదు. దర్జీకి మండిందల్లా అందుకే. తన వంతు వచ్చినప్పుడు ఆయన చూపు అత్తగారి పాదం దగ్గరే ఆగిపోయింది. ఆ పాదానికి కట్టిన తెల్లగుడ్డ తన దుకాణంలోదే.

అత్తగారు అంతా పూర్తిగా విని, "మట్టి లేకపోతే నా కాళ్లకు పనేముంది?" అంది. దర్జీ ఊపిరి పీల్చుకోబోయాడు. "అయినా గుచ్చుకునే మట్టి నాకెందుకు? చిన్నల్లుడూ, వానలు పడేదాకా టైమిస్తున్నా. వానలు పడ్డాక నేనే నడిచి చూస్తా. ఒక్కటి కాలికి తగిలినా పెద్దల్లుడు సిమెంటు పోయిస్తాడు. ఇక దీని మీద నా దగ్గరికి ఎవరూ రావద్దు."

న్యాయంగా ఉందన్నాడు పెద్దల్లుడు. మర్నాడే సిమెంటు బస్తాలు దింపించి పెరటి గోడ వారగా పేర్పించాడు.

ఆ సాయంత్రం భార్య వచ్చి మిషను పక్కన నిలబడింది. ఎదురింటి టీచరమ్మ కాలేజీలో జన్మంతా మొక్కల పాఠాలే చెప్పిందని, పేరు తెలియని దానితో కుస్తీ పట్టేబదులు ఆవిడను అడిగితే పోయేదేముందని అంది. దర్జీ మిషను తొక్కుతూనే ఉన్నాడు. పోయేది ఉంది. ఒక కోటు తాలూకు పరువు.

టీచరమ్మ రిటైరయ్యే ముందు ప్రయోగశాలలో వేసుకోవడానికి ఆయన దగ్గర తెల్లకోటు కుట్టించుకుంది. ఎడమ చెయ్యి పొడుగైందని నలుగురిలో అంది. కోటు సరిగ్గానే ఉందని, ఆవిడ ఎడమ చెయ్యే అంగుళం పొట్టి అని దర్జీ నలుగురిలోనే జవాబిచ్చాడు. ఆవిడ కోటు తీసుకుని వెళ్లిపోయింది. కాలేజీ మానేశాక కూడా ఆ కోటు మానలేదు. ఎడమ చేతిని శ్రద్ధగా మడిచి, దుకాణానికి సరిగ్గా ఎదురుగా వరండాలో నిలబడి, తన కుండీలకు రోజూ అదే కోటులో నీళ్లు పోసేది.

"ఆ సంగతి ఆవిడ ఎప్పుడో మర్చిపోయుంటుందండీ," అంది భార్య.

దర్జీ కిటికీలోంచి చూశాడు. ఎదురు వరండాలో కోటు కనబడుతోంది. మడత కూడా కనబడుతోంది.

"మర్చిపోలేదు," అన్నాడు.

అయినా వెళ్లాడు. అత్తగారి పాదానికి కట్టు ఇంకా విప్పలేదు. ఆ కట్టు ముందు కోటు ఏపాటిది? నాలుగాకులు కవరులో పెట్టుకుని వెళ్లి, కోటు వంక చూడకుండా కవరు అందించాడు. టీచరమ్మ కూడా కోటు ప్రస్తావన తేకుండా ఆకు నలిపి వాసన చూసి, వెలుగుకు పెట్టి చూసి, పువ్వేదని అడిగింది. మొగ్గ కనబడగానే కోసేస్తున్నానని దర్జీ కొంచెం గర్వంగానే చెప్పాడు.

"ఆకుతో అనుమానపడగలను గానీ పేరు పెట్టలేనండీ. ఇలాంటి ఆకులవి చాలా ఉన్నాయి. విత్తనంతో పాకేదాన్ని ఒకలా పట్టుకోవాలి, వేరుతో పాకేదాన్ని ఇంకోలా. ఒక పొదను పూయనివ్వండి, వచ్చి చూస్తా." ఆవిడ కవరు తిరిగి ఇస్తూ ఇంకోమాట చేర్చింది. "కొలత తీసుకోకుండా కత్తెర పెడతారా మీరు?"

అంత మర్యాదగా ఆయన్ని ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు.

ఆ తర్వాత గడిచినవి ఆయన జీవితంలోకెల్లా కష్టమైన రోజులు. చేయవలసిన పని ఏమీ చేయకపోవడం. బండ పక్కనున్న తల్లిపొదను వదిలేశాడు. అది వదిలేసినందుకు కృతజ్ఞతగా రెట్టింపు పెరిగింది. వేళ్లు వాటంతటవే కత్తెర వైపు పోతుంటే, భార్య కత్తెరను తన దిండు కింద దాచింది. ఆ దిండు కింద ఏమున్నా తలకు తెలియదని ఆమెకు తెలుసు. చేతులెత్తేశావా తమ్ముడూ, మంచిదిలే, నడుమైనా మిగిలిందని పైనుంచి పలకరింపు వచ్చింది. దర్జీ కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజుల్లో కుట్టించుకున్నవాళ్ల కాజాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదని వినికిడి.

గుత్తి విచ్చుకున్న పొద్దున టీచరమ్మ వచ్చింది, కోటుతోనే. ఒక పువ్వు తుంపి, రేకులు విడదీసి లోపల వెతికింది. ఇంకోటి తుంపి వెతికింది. కళ్లజోడు పైకి తోసుకుంది.

"క్లెరోడెండ్రం. అందులో ముద్దపువ్వు రకం. కేసరాలు ఉండాల్సిన చోట కూడా రేకులే ఉన్నాయి చూడండి. ఇది కాయ కాయదు, విత్తనం రాల్చదు. పిట్టలు మోసుకుపోవు, గాలి తీసుకుపోదు. మీకు శుభవార్తే."

"మరి ఇంతదూరం ఎలా పాకిందండీ?"

"కొంత వేరుతో అదే నడిచింది." ఆవిడ చూపు చిక్కుడు వరుస దగ్గర ఆగింది. ఊతకర్రలన్నీ చిగుళ్లు వేసి, చిక్కుడు తీగల కంటే ఏపుగా ఉన్నాయి. "మిగతా దూరం ఎవరో నడిపించారు. ఈ కర్రలు ఎవరు పాతారు?"

దర్జీ తన చెప్పుల్ని పరిశీలించడం మొదలుపెట్టాడు. అడగకపోయినా ఎరువుగుంట సంగతి భార్య చెప్పేసింది.  పెరట్లో ఎన్ని మొక్కలున్నాయని టీచరమ్మ అడిగింది. లెక్కపెట్టడం మానేశానన్నాడు దర్జీ.

"మీరు పాతినవీ చల్లినవీ పక్కనపెడితే మిగతావన్నీ ఒకటే మొక్క. చేత్తో తవ్వి చూడండి. పార వద్దు."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక పిలక మొదట్లో మట్టి తీశాడు. లేతరంగు వేరు, పైపైనే, నేలకు సమాంతరంగా పోతోంది. జానెడు దూరంలో ఒక పిలకను పైకి పంపి, మళ్లీ కిందికి మునిగి, ఇంకో జానెడు పోయి ఇంకో పిలక. వేలితో వెంబడించుకుంటూ బండ దగ్గర్నుంచి చిక్కుడు పాదు దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయాడు. ఇది ఆయనకు తెలిసిన వ్యవహారమే. రోజూ చేసే పనే. ఇది కచ్చాకుట్టు.

అసలు కుట్టు వేసేముందు బట్టను తాత్కాలికంగా పట్టి ఉంచడానికి దూరం దూరంగా వేసేది కచ్చాకుట్టు. పైకి విడివిడి పోగులుగా కనబడుతుంది. అడుగున దారం ఒకటే. దాన్ని విప్పాల్సి వచ్చినప్పుడు పైన కనబడే పోగుల్ని కత్తిరించుకుంటూ పోయేవాణ్ని దర్జీ అనరు. దారం ముక్కలన్నీ బట్టలోనే మిగిలిపోతాయి. ముడి ఎక్కడుందో చూసుకుని, కొస పట్టుకుని, రెండో చేత్తో బట్ట నొక్కిపెట్టి మెల్లగా లాగాలి. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు ఆయన మొదట చెప్పే పాఠం ఇదే. తన పెరట్లో మాత్రం ఇన్నాళ్లూ పోగులు కత్తిరించాడు. తెగిన ప్రతి కొసా కొత్త ముడి వేసుకుంది.

"నాదే పొరపాటు," అన్నాడు దర్జీ.

భార్య గోడ పట్టుకుంది. ఇంత కాపురంలో ఆ మాట చెవినపడటం ఆమెకదే మొదటిసారి.

టీచరమ్మ చేయవలసిందంతా చెప్పింది. ముందురోజు సాయంత్రం నేల తడపాలి, వేరు తెగకుండా వస్తుంది. తీసిన వేళ్లను ఇనపరేకు మీద ఎండేసి, విరిస్తే పుటుక్కుమనేదాకా ఉంచాలి. ఎరువుగుంట వైపు చూడనే కూడదు. మెట్ల కిందికీ గోడ కిందికీ పోయి చేతికందని వేరుకు ఆకు కనబడినప్పుడల్లా గిల్లేయాలి. ఆకు లేకపోతే దానికి తిండి లేదు. మందు కొట్టడం మాత్రం వద్దు, చిక్కుళ్లు తినేదీ ఇంట్లోవాళ్లే, ఈ మట్టిలో నడిచేదీ ఇంట్లోవాళ్లే. అంతా విన్న పెద్దల్లుడు, సిమెంటు పోస్తే ఈ తంటా ఏమీ ఉండదు కదండీ అని పైనుంచి వినయంగా అడిగాడు.

"పగులు కనబడేదాకా అడుగున ఓపిక పడుతుందండీ," అంది టీచరమ్మ, అంతే వినయంగా.

ఆ మధ్యాహ్నం దర్జీ రెండు దిండ్ల పొట్టలు విప్పాడు. ఏళ్లుగా కూరిన ముక్కలన్నీ గుట్టగా పోసుకుని రంగుల వారీగా ఏరాడు. ఒక వేరు నుంచి లేచిన పిలకలన్నిటికీ ఒకే రంగు గుడ్డ కట్టాడు. ఇంకో వేరుకు ఇంకో రంగు. సాయంత్రానికి పెరడు జెండాలతో నిండిపోయింది. సర్కస్ ఎప్పుడు తమ్ముడూ అని పైనుంచి విచారణ వచ్చింది. భార్య మాత్రం ఆ గుడ్డముక్కల పనికి ఎంత సంతోషించిందంటే, ఖాళీ దిండ్లలో అదే రోజు దూది నింపేసింది, ఆయన మనసు మార్చుకునేలోపు.

ఇక విప్పడం మొదలైంది. రోజూ దుకాణం తెరిచేముందు, మళ్లీ ఎండ వాలాక. చిన్న ముళ్లగరిట ఒకటి, మిగతా అంతా వేళ్లే. ఒక చేత్తో మట్టి నొక్కిపెట్టి, రెండో చేత్తో వేరు వదులు చేసుకుంటూ, వచ్చినంత భార్యకు అందించేవాడు. ఆమె ముక్కాలి పీట మీద కూర్చుని మట్టి దులిపి, కండెకు చుట్టినట్టు చుట్టి రేకు మీద పడేసేది. ఎక్కడైనా వేరు పుటుక్కున తెగితే పని ఆగిపోయేది. దుకాణంలో సూది కిందపడితే దొరికేదాకా ఎవరినీ కాలు కదపనివ్వడు ఆయన. పెరట్లోనూ అదే చట్టం. తెగిన కొస దొరికేదాకా మట్టిని వేళ్ల మధ్య జల్లించేవాడు. ఒకసారి కొస దొరక్క, ఇద్దరూ చెరోవైపు మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతుంటే, కొలతలివ్వడానికి వచ్చిన పెద్దమనిషి ఉంగరం పోయిందేమో అనుకుని తానూ కూర్చుని వెతికాడు. ఆ కొస దొరికింది ఆయనకే. ఏం దొరికిందో ఆయనకు అర్థం కాలేదు గానీ, ఇంట్లో అందుకు దక్కిన మర్యాద చూసి గొప్పదే అయ్యుంటుందనుకున్నాడు.

నీలం గుడ్డ వేరు సిమెంటు బస్తాల కిందికి వెళ్లింది. బస్తాలు జరపమని దర్జీ మెట్లెక్కి వెళ్లి అడిగాడు. ఎలాగూ వానలకు విప్పేవే కదా, ఇప్పుడెందుకు కదపడమన్నాడు పెద్దల్లుడు.  దర్జీ దిగివచ్చి, పాత గోనె పరిచి, భార్య ఒక కొస, తానొక కొస పట్టుకుని, ఒక్కో బస్తానే దాని మీదికి దొర్లించి ఈడ్చడం మొదలుపెట్టాడు. కొక్కెంలాంటి వెన్ను ప్రతి బస్తాకూ ఒక్కో మాట అంటోంది. పైన పళ్లు తోముకుంటున్న చప్పుడు కాసేపటికి ఆగిపోయింది.

అడుగు వరుస దగ్గర ఇద్దరూ నిలబడిపోయారు. బస్తాల సందుల్లో, చీకట్లో, రంగులేని పిలకలు దారప్పోగుల్లా పైకి పాకి ఉన్నాయి. ఒకటి మూలబస్తా కాగితాన్ని చీల్చుకుని లోపలికి దూరి, ఇంకోవైపు నుంచి బయటికి తల పెట్టింది. నేల చెమ్మకు బస్తా బస్తాగానే రాయైపోయింది. పెద్దల్లుడు నోట్లో బ్రష్షుతోనే దిగివచ్చి, ఆ రాయిని కాలితో తట్టి చూశాడు. రాయి పలికింది. మొలక ఊగింది.

"ఇది సిమెంటు తాగి బతికేట్టుంది," అన్నాడు. బ్రష్షు జేబులో పెట్టుకుని, తర్వాతి బస్తాకు రెండో కొస తానే పట్టుకున్నాడు. "అలాగని పందెం పందెమే తమ్ముడూ."

"పందెమే అన్నయ్యగారూ," అన్నాడు దర్జీ.

చివరికి బండ పక్కన తల్లిపొద మిగిలింది. దారాలన్నీ అక్కడ మొదలైనవే, అదే ముడి. దాన్ని తీసేముందు ఆఖరి పూలగుత్తిని కోసి గాజుగ్లాసులో పెట్టి అత్తగారి కిటికీలో ఉంచాడు. ఒక్క పిలకను కుండీలో పెట్టుకోకూడదా అని భార్య గొంతు తగ్గించి అడిగింది. ఆ వాసన ఆయనకు మాత్రం ఇష్టం కాదా? కాసేపు ఆలోచించి, వద్దన్నాడు. పూలు వాడాక ఆ కాడను కూడా రేకు మీదే ఎండేశాడు. ముక్క పారేయని మనిషి అన్ని వేళ్లనూ కాడలనూ ఒకేసారి తగలబెట్టిన రోజున, మంట ఆరేదాకా వీపు అటు తిప్పి కూర్చున్నాడు.

మర్నాడు టేపు మెళ్లో వేసుకుని ఎదురింటికి వెళ్లాడు. టీచరమ్మ రెండు చేతులూ చాపింది. భుజం నుంచి మణికట్టు దాకా కొలిచాడు. మళ్లీ కొలిచాడు. రెండు చేతులూ సమానంగా వచ్చాయి. పొరపాటు ఒప్పుకోవడమనే విద్య ఆయనకింకా కొత్త. ఏడాదికి ఒకటి చాలనిపించింది.

"అప్పటి టేపు సాగిపోయిందండీ. గుడ్డ టేపు, వయసైపోయింది."

"మనకూ అయిందిలెండి," అని టీచరమ్మ కోటు విప్పి చేతికిచ్చింది.

వానలు వచ్చాయి. మొదటి జల్లులు పడనిచ్చి, నేల బాగా నానాక ఒక పొద్దున అత్తగారు చెప్పులు విప్పింది. చిన్నకూతురు చెయ్యి అందించబోతే అక్కర్లేదంది. పెద్దల్లుడు మెట్ల దగ్గర, దర్జీ బండ దగ్గర నిలబడ్డారు. అంతకుముందే తెల్లవారుతుండగా దర్జీ అరచేతులతో పెరడంతా తడిమి వచ్చాడు. ఏమీ లేదు. కానీ వాన కురిసిన నేల మాట ఎవరు చెప్పగలరు?

అత్తగారు తొట్టి పక్కగా వెళ్లింది. మెట్ల పగులు దగ్గర ఆగి వేలితో రాసి చూసింది. చిక్కుళ్ల మధ్య అటూ ఇటూ నడిచింది. వేళ్లతో తవ్వి, జల్లించి, మళ్లీ సర్దిన మట్టి అది; అడుగు వేసినచోటల్లా పాదం చుట్టూ ఒదిగింది. "ఇంత మెత్తగా ఎప్పుడూ లేదే," అని తనలో తాను అనుకుంది. గోడ వారగా, బస్తాలు ఇంతకుముందు ఉన్న మూల దగ్గరికి వెళ్లి ఆగిపోయింది.

దర్జీ ఆ పాదాలనే చూస్తున్నాడు. కుడికాలి వేళ్లు ఒక్కసారి కదిలాయి. ఆ వేళ్ల నుంచి ఏదీ దాగదని ఇంట్లో అందరికీ తెలుసు. 

"ఏమైంది అత్తయ్యగారూ?" అన్నాడు పెద్దల్లుడు.

"ఏమవుతుంది? కాళ్లు లాగుతున్నాయి. కాసేపు ఇక్కడే నుంచుంటా." ఆమె కుడిమడమ మీద బరువు మోపి స్థిమితపడింది. "పెద్దల్లుడూ, నీ బస్తాలు దుకాణానికి పంపించెయ్యి. మట్టి మట్టిగానే ఉండనీ. కారుకు ఎండ తగలకుండా ఒక గుడ్డ తొడుగు ఉంటే చాలదూ? చిన్నల్లుడు కుట్టిపెడతాడు."

పెద్దల్లుడు పెరటి వంక చూశాడు, బస్తాల వంక చూశాడు, అత్తగారు నిలబడ్డ తీరు వంక కూడా ఒక క్షణం ఎక్కువే చూశాడు.  మెట్లెక్కబోతూ వెనక్కి తిరిగి, "కొలతలు తీసుకో తమ్ముడూ. తర్వాత బిగుతైతే కారు ఒళ్లు చేసిందని మాత్రం అనకు," అన్నాడు.

పై వాటా తలుపు చప్పుడయ్యింది.

"వెళ్లాడా?" అంది అత్తగారు.

"వెళ్లారండీ," అన్నాడు దర్జీ.

"నా మడమ కింద ఒకటుంది. తియ్యి. తెంపకు."

ఆమె కాలెత్తింది. సూదిమొనంత చిగురు, తడిమట్టిలో కాస్త వంగి, మళ్లీ లేస్తోంది. దర్జీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. చిగురును ముట్టుకోలేదు. ఎడమచేత్తో నేలను నొక్కిపెట్టి, కుడిచేతి వేలును మట్టిలోకి పోనిచ్చి, దారం అవతలి కొస ఎటు పోయిందో వెతకడం మొదలుపెట్టాడు.